పోయే పడవనా, వచ్చే పడవనా

నవ్వద్దు మరి. నవ్వితే నడుమల్నే ఆపేస్త. మొన్న శివరాత్రి సంది రేవు కాడ ఎవలు కనవడ్డా ఒక్కటే అడుగుడు, "పోశెట్టీ, పోతున్నవా, వస్తున్నవా?" అని. అంగడికి పోతే ఉల్లిగడ్డలమ్మే ముసలవ్వ గూడ గదే అడుగుతది. జర చాయ్ చెప్పుండ్రి, అసలు ఏమైందో నేనే చెప్త. మంది నోట్లెకెళ్లి ఇంటే నేను మా మామను గోదారిల ముంచి సంపబోయిన్నట్టే ఉంటది. గంత గాలే. నడుముల దాకనే మునిగిండు.

మీకు ఎర్కే గద, ధర్మపురి రేవుల మాదొక పడవ. మా బాపు నడుపుతడు. అవుతలి ఒడ్డుకు, ఆదిలాబాద్ జిల్లా దిక్కు, మా మేనమామ లస్మన్నది ఇంకో పడవ. ఈయన ఇటుకెళ్లి, ఆయన అటుకెళ్లి, నడుమల గోదారి. మామకు ఒక్కతే బిడ్డ, నర్సవ్వ. నర్సవ్వ పోశెట్టికే అని చిన్నప్పటి సంది నన్ను కన్న మా అవ్వ అనుడే. మామ మాత్రం ఔ అనలే, కాదనలే. ఎందుకంటే నాకు నోరు లేదు.

నోరు లేదంటే మూగోన్ని గాదు. సిగ్గు. మూడో తరగతి దాక సదివిన. సారు హాజరు పిలుస్తే నాకు నోట్లెకెళ్లి మాట రాకపోయేది. ఎదురుంగ కూసున్నా గూడ సారు గైరుహాజరు రాసెటోడు. గట్ల ఏడాదంత బడికి పోయి, ఏడాదంత పోనట్టే అయ్యింది. బాపు చూసి చూసి, పడవ మీదికి రా, నీళ్లకు హాజరు అక్కర్లేదు అన్నడు.

గని పడవ మీదనే నోరు ఎక్కువ కావాలె. పగలు ఎట్లనో నడుస్తది. రాత్రి పూట చుక్కాని పట్టినోడు కేకేసుకుంట పోవాలె. "వస్తున్నా... ఓ... వస్తున్నా..." అని. ఎదురొచ్చే పడవోడు ఇని పక్కకు జరుగుతడు. మా మామ కేక పెడితే ఇవుతలి ఒడ్డు మీద కుక్కలు లేస్తయి. నేను కేక పెడితే నా పక్క కూసున్నోడు గూడ "ఏమన్నా అన్నవా?" అని అడుగుతడు.

ఇగ దీపం సంగతి. మా తాతల సంది పడవకు ఒక్కటే కందిలి. అది చుక్కాని పట్టినోని ఎన్క కట్టి, దాని మీద ఓటికుండ ఒకటి బోర్లిస్తం. కుండకు ఒక్క దిక్కు పెద్ద బొక్క. దీపం ఎలుగు గా బొక్కలకెళ్లి ఎదురొచ్చెటోని దిక్కు పోతది, మన కండ్లల్ల పడది. చిన్నప్పుడు నేను, ముందట దీపం పెడితే నీళ్లు మంచిగ కనవడతయి గద అని మామను అడిగిన. అడిగిన అంటే, చూపుడువేలితోని చూపెట్టిన. మామ నవ్విండు.

"దీపం నువ్వు చూసుటానికి గాదురా అల్లుడా. ఎదురొచ్చెటోడు నిన్ను చూసుటానికి. నీ కండ్లకు చీకటే దీపం."

గా మాట జర యాది పెట్టుకోండ్రి. నేను పెట్టుకోలే.

మా ఇండ్లల్ల ఒక పద్ధతి ఉన్నది. శివరాత్రి రాత్రి చుక్కాని పట్టి పడవ తిప్పినోడే మనిషి లెక్క. గా రాత్రి అమాస ముందటి చీకటి, మంది మస్తు, అవుతలి ఊర్లోళ్లంత జాగారానికి ధర్మపురి వస్తుంటరు, తానాలైనోళ్లు పోతుంటరు. ఈ ఏడు బాపు కాలుకు తుమ్మముల్లు ఇరిగి చీము పట్టింది. చుక్కాని నా చేతికి వచ్చింది. మామ మా ఇంటికొచ్చి, చాయ్ తాగి, మెల్లగ చెప్పిండు. శివరాత్రి నాడు నా పడవకు గీత పడకుండ మీ పడవను నాలుగు తిర్గులు తిప్పు, తెల్లారినంక పిల్ల ముచ్చట మాట్లాడుదం అన్నడు. మెట్‌పల్లిల ఒక సైకిలు షాపు పిలగాడు గూడ నర్సవ్వను అడుగుతుండట. గా పిలగానికి నోరే నోరట, పంపు కొట్టుకుంట కథలు చెప్తడట. గీ ముచ్చట చెప్పి మామ నా మొకం దిక్కు చూసిండు. నేను నేల దిక్కు చూసిన.

ఇగో, గప్పుడు దిగిండు ఓవర్సీరు సాబు. జాతర బందోబస్తుకు కొత్తగ వచ్చిండు. సముద్రం దిక్కు మనిషి. ఆంధ్రప్రదేశ్ అయినంక గా దిక్కు సాబులు మన దిక్కు శానమంది వచ్చిన్రు గద. చెడ్డోడు గాదు. అందర్ని 'మీరు' అంటడు. నన్ను గూడ 'మీరు' అన్నడు. నేను పుట్టిన కాన్నుంచి నన్ను మీరు అన్నోడు లేడు. నా ఎన్క ఎవలన్న పెద్దమనిషి నిలవడ్డడేమో అని తిరిగి చూసిన.

సాబు పొద్దుగూకంగ రేవుకొచ్చి మా ఓటికుండ చూసిండు. దీపానికి కుండ బోర్లిస్తరా అని నెత్తి పట్టుకున్నడు. పెట్టె ఒకటి తెప్పిచ్చిండు. అండ్ల ఎర్ర అద్దం కందిలి, పచ్చ అద్దం కందిలి, ఇంకోటి తెల్లగ ఎలిగే గ్యాసులైటు. పెండ్లిల్ల నెత్తి మీద మోస్తరు గద, గసొంటిది. నన్ను, మామను ఎదురుంగ నిలవెట్టి పాఠం చెప్పిండు.

"చూడండి. పడవకు ఎడమ వైపు ఎరుపు, కుడి వైపు పచ్చ, వెనక తెలుపు. ప్రపంచమంతా ఇదే రూలు."

"గోదారిల గూడనా సారు?" అన్నడు మామ.

"గోదావరి ప్రపంచంలో లేదా?"

మామ బీడీ ముట్టిచ్చుకోని నీళ్ల దిక్కు తిరిగిండు. మామను మాటల గెలిచినోన్ని చూసుడు నాకు గదే మొదటిసారి.

సామాను ఒక్క పడవకు సరిపోయేంతనే వచ్చింది. మామ పడవకు మంజూరైందట, గని ఇంకా రాలేదట. అందుకని లైట్లు నా పడవకు కట్టిచ్చిండు. మామకేమో లైట్లు చదువుడు నేర్పిండు. పోశెట్టి పడవ ఎర్రలైటు మీ ఎడమకు కనవడితే, తెల్లలైటు గూడ కనవడితే, గది మీ నుంచి దూరం పోతున్నట్టు. ఎర్రది మీ కుడికి వస్తే మీ మీదికి వస్తున్నట్టు. మామ రెండుసార్లు అప్పజెప్పిండు. సాబు ఖుషీ అయిండు. నాకేమో కుడి ఎడమలు జర గడబిడ. మా అవ్వ చెప్పిన గుర్తు పెట్టుకున్న. అన్నం తినే చెయ్యి దిక్కు పచ్చది.

గంతటితోని ఆగితే బాగుండు. ఎవలన్న ముడి ఇప్పి లైట్లు అటిటు చేస్తరని, సాబు ముడి ముడికి లక్క కరిగిచ్చి పోసి, సీలు గుద్దిండు. సీలు పలిగితే కేసు అన్నడు. ఇంకో హుకుం గూడ ఇచ్చిండు. లైట్లు ఉండంగ కేకలు ఎందుకు, అది నాగరికత గాదు, గీ రాత్రి ఎవలు కేకెయ్యద్దు అన్నడు.

మీతోని నిజం చెప్త. గా మాట ఇని నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. సర్కారు నా కోసం రూలు పెట్టుడు నేను ఎన్నడు చూడలే. నోరు లేనోనికి గూడ రోజులొచ్చినయి అనుకున్న.

మొదటి తిర్గుడు రాజా లెక్క పోయిన. సాబు గూడ పడవల కూసున్నడు, మెడకు మఫ్లర్ చుట్టుకొని. ఎడమకు ఎర్రగ, కుడికి పచ్చగ, నా ఎన్క గ్యాసులైటు బుస్సుమంటుంది. ఒడ్డు మీద మంది నిలవడి చూస్తున్నరు. అన్నం తినే చెయ్యి దిక్కు చూసుకున్న. పచ్చది. అంత సరిగ్గ ఉన్నది. మామ మాత్రం ఇవుతలి ఒడ్డు మీదనే ఆగిండు, తానాలైనోళ్లను ఎక్కిచ్చుకోని ఎన్కకెళ్లి వస్తనన్నడు.

అవుతలి ఒడ్డుకు చేరినం. మంది దిగిన్రు, కొత్త మంది ఎక్కిన్రు. గా మందిల మా అత్త, నర్సవ్వ గూడ ఉన్నరు, ఇద్దరి నెత్తుల మీద ఉడకబెట్టిన గెనుసుగడ్డల గంపలు, ఒక్కపొద్దులోళ్లకు పంచుటానికి.

ఇగ ఇక్కడ జర ఆగి ఇనుండ్రి. మా పడవకు ముందటిది ఎన్కటిది అని ఉండది. రెండు కొసలు ఒక్క తీరుగనే ఉంటయి. అటు పోయేటప్పుడు ఈ కొస ఎన్క, ఇటు వచ్చేటప్పుడు ఆ కొస ఎన్క. చుక్కాని ఊడదీసి ఈ కొసకెళ్లి ఆ కొసకు మార్చుకుంటం, అంతే. పడవ తిర్గది, మనిషే తిర్గుతడు. అసలు మా రేవుల పడవ మొకం తిప్పుడే మంచిది గాదు. సచ్చినోళ్ల బొక్కలు, బూడిద గంగల కలిపి వచ్చేటప్పుడే తిప్పుతరు. జీవమున్నోళ్లు ఎక్కే పడవను ఎవలు తిప్పరు.

నేను ఎప్పటి లెక్కనే చుక్కాని ఊడదీసిన, ఆ కొసకు పోయిన, పెట్టుకున్న, నిలవడ్డ. అన్నం తినే చెయ్యి దిక్కు చూసుకున్న.

ఎర్రది.

మల్ల చూసుకున్న. చెయ్యి మారిందా అని చెయ్యి దిక్కు చూసిన. చెయ్యి గదే, మెతుకు గూడ అంటుకోని ఉన్నది. ఎన్క చూస్తే చీకటి. ముందట చూస్తే గ్యాసులైటు, నా కండ్లకు ఎదురుంగ, పట్టపగటి సూర్యుని లెక్క. దాని అవుతల గోదారి ఉన్నదా లేదా, ధర్మపురి ఉన్నదా లేదా, ఏం తెల్వదు. లైటు సుట్టు తిరిగే పురుగులు మాత్రం ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు.

నర్సవ్వ నా పక్కపొంటనే కూసున్నది. మెల్లగ అన్నది, "బావా, పోయినప్పుడు ఎర్రది గాడ ఉండె గద. గిప్పుడు గీడికొచ్చింది." నేను తలకాయ ఊపిన. సాబుకు చెప్పరాదా అన్నది. సాబు నడుమల కూసోని, తన సీళ్ల దిక్కు చూసి మురుస్తుండు. నేను రెండు అడుగులేసిన. నోరు తెరిచిన. సాబు నా దిక్కు చూసి, "చెప్పండి" అన్నడు. గా 'అండి' ఇనంగనే, ఏం లేదన్నట్టు తలకాయ అడ్డం ఊపి ఎన్కకొచ్చి చుక్కాని పట్టిన. ఇగ సీలు పీకుతనా? కేసు. పడవ తిప్పుతనా? నిండ జనం, పండుగ పూట. గడలు ఏసెటోళ్లు పడవ తోసిండ్రు. పోయింది.

ఇగ అవుతల మామ సంగతి ఇనుండ్రి. మామ ధర్మపురి ఒడ్డుకెళ్లి మందిని ఎక్కిచ్చుకోని అప్పుడే బయలెల్లిండు. నా లైట్లు చూసిండు. ఎర్రది తన ఎడమకు. తెల్లది గూడ కనవడుతుంది. పాఠం యాదికొచ్చింది. ఇది పోతున్న పడవ. మామకు సముజు కాలే. వీడు పోయి గంటాయె, ఇంకా పోతనే ఉన్నడా? వీని మాట లెక్కనే వీని పడవ గూడ నత్తనడకనే అనుకున్నడట. ఇసుకల గిట్ల పట్టిందేమో పాపం, పోయి ఎన్కకెళ్లి జర తోద్దమని, మామ తన మనుషులకు జల్ది జల్ది గడలు ఎయ్యుండ్రి అని చెప్పిండట. నా మీద దయతోని వస్తుండు మనిషి. గదే నా ఖర్మ.

గోదారి నడుమల ఇసుక తిప్ప ఒకటి ఉన్నది. దాని పక్కకెళ్లి లోతు నీళ్ల సందు. రెండు పడవలు గా సందులకెళ్లే పోవాలె, ఒకటి ఆగి ఇంకోదానికి తొవ్వ ఇయ్యాలె. నేను అందాజ మీద పోతున్న. కండ్లు మూసుకుంటే లైటు, తెరిస్తే లైటు. అప్పుడు ఇనవడ్డది దగ్గు. బీడీ దగ్గు, రెండు చిన్నయి, ఒకటి పొడుగు. గా దగ్గు నాకు ఎర్కే. పుట్టినప్పటి సంది ఎర్కే.

నర్సవ్వ నా ధోతి కొస గుంజింది. "బావా, బాపు దగ్గు. ఎదురుంగనే ఉన్నడు. కేకెయ్యి."

నేను సాబు దిక్కు చూసిన. కేకెయ్యద్దని రూలు. నా బతుకుల నాకు నచ్చిన రూలు అదొక్కటే.

"కేకెయ్యి బావా, రూలు తర్వాత చూసుకుందువు."

దగ్గు మల్ల ఇనవడ్డది. ఇంకా దగ్గరికెళ్లి. ఇగ నాకు సిగ్గు కంటె భయం పెద్దగైంది. గోదారి మీద ప్రమాణం చేసి చెప్తున్న, నా కడుపుల ఇరవై ఏండ్ల సంది ఆగిన కేకలన్ని ఒక్కసారే బయటికొచ్చినయి.

"మామా, నేను పోతలేను, వస్తున్న!"

రెండు పడవల మంది ఇన్నరు. తర్వాత రెండు పడవలు తగిలినయి. కొసకు కొస గాదు, పక్కకు పక్క రాసుకున్నయి, అదృష్టం. ఏమైందో చూద్దమని పడవ అంచు మీద నిలవడ్డ మామ గట్లనే, చుట్టుకున్న కంబడితోని, తిప్ప దిక్కు నీళ్లల్లకు దిగిండు. దిగిండు అంటున్న, మర్యాదకు. రెండు పడవలు పోయి ఇసుక తిప్ప ఎక్కి ఆగినయి. ఎవలకు దెబ్బ తగల్లే. గెనుసుగడ్డల గంప ఒకటి మాత్రం గంగపాలైంది. మా అత్త దాని కోసం ఏడ్చింది, మామ కోసం ఏడ్వలే, ఎందుకంటే మామ నడుముల లోతు నీళ్లల్ల నిలవడి తిడుతుంటే మంచిగనే ఇనవడుతుంది.

మామ తిప్ప మీదికొచ్చి గ్యాసులైటు ముందట నిలవడ్డడు. నీళ్లు కారుతున్నయి. తలపాగ లేదు. మామకు బట్టతల ఉన్నదని నర్సవ్వకు గూడ గప్పుడే తెలిసిందట.

సాబు మొదలు ఏం చేసిండో తెలుసా? టార్చి పట్టుకోని సీళ్లు చూసిండు. ఒక్కొక్కటే ఒత్తి చూసి, "సీళ్లు భద్రంగానే ఉన్నాయి" అన్నడు. తర్వాత కందిల్ల దిక్కు చూసిండు. పడవ దిక్కు చూసిండు. మల్ల కందిల్ల దిక్కు. గప్పుడు ఆయనకు గూడ అర్థమైనట్టుంది, మఫ్లర్ జర గట్టిగ చుట్టుకున్నడు. కాయితం తీసి రాసుకున్నడు. గడ ఏసే పిలగాడొకడు పట్నంల సదివి వచ్చినోడు ఉండె, వాడు ఎన్కకెళ్లి తొంగి సదివిండు. ఏం రాసి ఉన్నదంటే, లైట్లు నిబంధన ప్రకారమే ఉన్నయి, పడవనే తప్పు దిక్కుకు పోయింది అని.

మామకు గది సదివి చెప్పిన్రు. మామ నవ్వలే.

"గా నీళ్లల్లకెళ్లి అరిచింది ఎవడు?" అని అడిగిండు.

"బావనే," అన్నది నర్సవ్వ.

"పోశెట్టా? నేను ఎవల్దో మేకపిల్ల నీళ్లల్ల పడ్డదనుకున్న."

ఇగ పడవలు తోసుకోని పోదమంటే సాబు ఒప్పుకోలే. పంచనామా పగటి పూట చెయ్యాలట, ప్రమాదం జరిగిన కాడ ఏది కదల్చద్దట. చీకట్ల మల్ల పడవెక్కుటానికి మందికి గూడ ధైర్యం లేదు. గట్ల రెండు పడవల జనం తెల్లారె దాక ఇసుక తిప్ప మీదనే కూసున్నరు. గ్యాసులైటు నడుమల పెట్టి భజన మొదలువెట్టిన్రు. మిగిలిన గెనుసుగడ్డలు పంచుకోని తిన్నరు. ఈ ఏడు జాగారం మా పడవోళ్లంత నిష్ఠగ ఇంకెవలు చెయ్యలే. సాబు గూడ చేసిండు, ఆయనకు ఇష్టం లేకున్నా.

తెల్లారింది. మామ నా ముందటికెళ్లే పోయిండు. పిల్ల ముచ్చట ఎత్తలే. తడిసిన కంబడి పిండుకోని, పడవెక్కి పోయిండు. నేను ఒడ్డు మీద నిలవడ్డ. ఇగ మెట్‌పల్లి సైకిలు షాపు పిలగాడే గతి అనుకున్న. గా పిలగానికి లైటు ఒక్కటే ఉంటది, ముందట. అది గూడ తొక్కితేనే ఎలుగుతది. తప్పు పోవుటానికి ఏముంది.

తర్వాత రెండు దినాలు సాబు కొత్త హుకుం పెట్టిండు. ఒడ్డు ఒడ్డుకు పడవ మొకం తిప్పాలె, గప్పుడు లైట్లు సరిగ్గ ఉంటయి అని. రూలు ప్రకారం సరైనదే, నేను కాదంటలేను. మా బాపు కుంటుకుంట వచ్చి తిప్పిండు. పడవ తిర్గుడు చూసి, ఒడ్డు మీద కూసున్న ముసలమ్మ ఒకామె కొంగు నోట్లె పెట్టుకోని, "అయ్యో, ఎవలు పోయిన్రు బిడ్డా?" అని ఏడుపందుకున్నది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు అందుకున్నరు. ఎవలు పోయిన్రో ఎవలకు తెల్వది, గని ఏడుపు మంచిగ సాగింది. ఎక్కినోళ్లంత దిగిపోయిన్రు. పొద్దంత ఒక్క మనిషి పడవెక్కలే. మూడోనాడు సాబు లైట్లు మల్ల పెట్టెల పెట్టిచ్చుకోని, సీలు గుద్దిచ్చుకోని, ఇంకో రేవుకు పోయిండు. పోయేటప్పుడు నాతోని, "మీరు ఆ రాత్రి చెప్పాల్సింది" అన్నడు. మర్యాదగనే అన్నడు. నేను తలకాయ ఊపిన. మా ఓటికుండ మల్ల దాని జాగల అది కూసున్నది.

ఇగ అసలు ముచ్చట. మొన్న ఆయితారం మామ వచ్చిండు. ఆయన దగ్గర గడ ఏసే బుచ్చన్న పడవల దింపి, పడవ తీస్కోని ఎన్కకు పోయిండు. మామ, బాపు, అవ్వ, నేను, మా రేవు మెట్ల మీద కూసున్నం. మామ బీడీ ముట్టిచ్చిండు. రెండు చిన్న దగ్గులు, ఒకటి పొడుగు. నాకు గుండె గోదారిల పడ్డది.

"మెట్‌పల్లి పిలగాన్ని చూసొచ్చిన," అన్నడు. "మాట్లాడుతడు, మాట్లాడుతడు, మాట్లాడుతనే ఉంటడు. ఏది నిజమో ఏది అబద్ధమో వానికే ఎర్కలే. నీ లైట్లు నాకు అబద్ధం చెప్పినయిరా అల్లుడా. నీ నోరు నిజం చెప్పింది. జర ఆలిశం చెప్పింది, అంతే."

మా అవ్వ కండ్లు తుడ్సుకున్నది. మామ నా దిక్కు తిరిగిండు.

"పిల్ల నీకు ఇష్టమేనా?"

నేను తలకాయ ఊపిన.

"తలకాయ ఊపితే చీకట్ల ఏం కనవడతది? అరువు. గా నాటి లెక్కనే అరువు, నేను ఇనాలె."

బాపు నా దిక్కు చూస్తుండు. అవ్వ చూస్తుంది. నేను లేచి నిలవడ్డ. వాళ్ల మొకాలు చూస్తే నోరు రాదని గోదారి దిక్కు తిరిగిన. కండ్లు మూసుకున్న. ఊపిరి పట్టిన.

"ఇష్టమే..."

నీళ్ల మీద పోయింది కేక. అవుతలి ఒడ్డుకు తగిలి మల్ల వచ్చింది. మామ బీడీ పారేసి, ఇది కేక అన్నడు. ముగ్గురు కూసోని లగ్గం ముచ్చట మొదలువెట్టిన్రు. నేను గట్లనే నిలవడ్డ, సంబురం పట్టలేక. గంతల గోదారి మీద పడవొకటి జల్ది జల్ది ఇటే వస్తుంది. బుచ్చన్న. ఒడ్డుకు తగిలిచ్చి చెమట తుడ్సుకున్నడు. "ఎవలన్నా పడవను పిలిచింది? ఎవలో అర్జంటోళ్లు అనుకున్న," అన్నడు.

మీరే చెప్పుండ్రి, ఏమని చెప్పాలె నేను? పడవను పిలవలేదు బుచ్చన్నా, పెండ్లికి ఒప్పుకున్న అని చెప్పాల్నా? అంత దూరం గడ ఏసుకుంట వచ్చిండు మనిషి. నోరు రాలే. నేనే పిలిచిన అన్నట్టు తలకాయ ఊపిన. పడవెక్కి కూసున్న. ఎన్కకెళ్లి మా అవ్వ, యాడికి పోతున్నవురా, వస్తున్నవా పోతున్నవా అని పిలుస్తనే ఉన్నది.

అవుతలి ఒడ్డు మీద నర్సవ్వ ఉన్నది. ఈత చాప మీద గోదారిల పట్టిన చాపలు ఎండబోస్తుంది. నన్ను చూసి కొంగు సదురుకున్నది.

"గా కేక నీదే గద బావా. ఈడి దాక ఇనవడ్డది. ఏంది ఇష్టమే?"

నేను ఆమె దిక్కు చూసిన. నేల దిక్కు చూసిన. ఎండు చాపల దిక్కు చూపుడువేలు పెట్టిన.

ఇవుతలి ఒడ్డు మీద నా లగ్గం కుదిరింది. గప్పుడు నేను అవుతలి ఒడ్డు మీద ఎండు చాపల మూట ఒళ్లె పెట్టుకోని, మల్ల పడవ ఎప్పుడొస్తదా అని ఎదురుచూసుకుంట కూసున్న.